కాఫీ తోట కొండకు గుర్రం కొనేటప్పుడు ఏం చూడాలి?

ప్రశ్న: మాది జి.మాడుగుల మండలం. ఊరికి ఎగువన కొండ మీద రెండెకరాల కాఫీ తోట ఉంది. అక్కడికి బండి వెళ్లదు, కోతల సమయంలో మోసేవాళ్లు దొరకడం లేదు. అందుకే బరువు మోసే పొట్టి గుర్రం కొందామనుకుంటున్నాను. ఒక వ్యాపారి హిమాలయాల నుంచి స్పితి జాతి గుర్రం తెప్పిస్తానంటున్నాడు. విశాఖలో ఇంకొకరు తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. ఏది కొనమంటారు? గుర్రంలో ఏమేం చూసుకోవాలి? – ఒక గిరిజన రైతు

జవాబు: రెండూ వద్దండి. మీ చుట్టుపక్కల మండలాల్లోనే పుట్టి, సంతకు సరుకులు మోసి అలవాటైన గుర్రాన్ని వెతకండి.

స్పితి గుర్రం మంచిదే, అందులో అనుమానం లేదు. హిమాచల్‌లో మూడు వేల మీటర్లు దాటిన చలి ప్రదేశంలో, ఎముకలు కొరికే గాలిలో బరువు మోస్తుంది. అక్కడ రాంపూర్‌లో లవీ మేళాకు ముందు చామూర్తి అనే ఆ కొండ జాతి గుర్రాల అమ్మకానికి పెద్ద పేరు. కానీ దాని దట్టమైన బొచ్చు అక్కడి చలికోసం. మీది వెయ్యి మీటర్ల చుట్టుపక్కల ఎత్తు. వానాకాలమంతా తడి, బురద, జోరీగలు. పైగా రెండు వేల కిలోమీటర్లకు పైగా లారీలో నిలబడి వచ్చిన గుర్రానికి ఊపిరితిత్తుల జబ్బు, కడుపునొప్పి వచ్చే ప్రమాదం ఎక్కువ. ఖర్చంతా పెట్టి తెచ్చాక అది మేత ముట్టకపోతే మీకు మిగిలేది టెన్షనే. ఇక విశాఖది. బీచ్‌లో, పెళ్లి ఊరేగింపుల్లో తిప్పిన గుర్రాన్ని వయసు మళ్లాక అమ్మేస్తుంటారు. తారురోడ్డు మీద నడిచిన కాళ్లకు మీ రాళ్ల దారి ఒక్కసారిగా అలవాటు కాదు.

స్థానిక గుర్రం దొరికాక ముందుగా నోరు తెరిపించండి. అమ్మేవాళ్లు చెప్పే వయసు కంటే పళ్లనే నమ్మాలి. ముందు పాలపళ్లలో నడిమి జత రెండున్నరేళ్లకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు ఊడి గట్టి పళ్లు వస్తాయి. ఐదేళ్లకు నోరు నిండుతుంది. ఆ తర్వాత కింది పళ్ల మీది గుంటలు చూడాలి. నడిమి జతవి ఆరేళ్లకు, పక్క జతవి ఏడేళ్లకు, చివరి జతవి ఎనిమిదేళ్లకు అరిగి చదునవుతాయి. పై దవడ చివరి పన్ను మీద చిగురు దగ్గర నిలువుగా సన్నని గాడి కనిపిస్తే పదేళ్లు వచ్చినట్లు. ఆ గాడి పన్ను సగం వరకు దిగితే పదిహేనేళ్లు. ఏడాదీ అరా అటూ ఇటూ కావచ్చు. మీకు ఐదు నుంచి తొమ్మిదేళ్ల లోపుది కావాలి. నాలుగేళ్లు నిండనిదానిపై బరువు వేస్తే వెన్ను పాడైపోతుంది.

తర్వాత నాలుగు కాళ్లూ ఒక్కొక్కటిగా ఎత్తి చూడండి. ఎత్తనివ్వకుండా తన్నే గుర్రం కొత్తవాళ్లకు పనికిరాదు. గిట్ట అడుగున మధ్యలో మెత్తటి కండ ఉంటుంది. అక్కడ నల్లగా మెత్తబడి కుళ్లు వాసన వస్తుంటే బురదలో కట్టేసి వదిలేశారని అర్థం. మూపు మీద, వీపు మీద తెల్ల వెంట్రుకల మచ్చలుంటే అక్కడ పాత జీను పుండ్లు ఉన్నట్లే. మచ్చ ఒకటీ అరా ఉన్నా పర్వాలేదు గానీ, చెయ్యి అదిమితే వీపు ముడుచుకునేదాన్ని వదిలేయండి. చివరగా బరువు వేసి కొండ ఎక్కించి, దింపించి చూడండి. కుంటి చాలావరకు దిగేటప్పుడే బయటపడుతుంది. మగదైతే విత్తు కొట్టించినది మేలు. ఆడగుర్రం చూలుతో ఉందేమో డాక్టరుగారితో పరీక్ష చేయించండి. పదకొండు నెలలు మోస్తుంది, చివరి నెలల్లో దానితో బరువు మోయించకూడదు.

ధర మాట్లాడేముందు తప్పనిసరిగా చేయించాల్సింది గ్లాండర్స్ రక్తపరీక్ష. ఇది మనిషికి కూడా అంటుకుని ప్రాణం తీసే జబ్బు. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, కాళ్ల లోపలివైపు వరసగా గడ్డలు, వాటి నుంచి చీము దీని గుర్తులు. అవేమీ పైకి కనిపించకుండా కూడా గుర్రంలో ఉండొచ్చు. దీనికి గుర్రాల్లో వైద్యం చేయరు. జబ్బు ఖాయమైతే చట్టప్రకారం గుర్రాన్ని చంపించాల్సిందే. పశువైద్యాధికారి రక్తం తీసి హర్యానాలో హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంటుంది. ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని అమ్మేవాళ్ల దగ్గరే ఉంచమనండి. కాదన్నవాళ్ల దగ్గర కొనకండి.

బరువు సంగతికి వస్తే, నిబంధనల ప్రకారం టట్టువుపై 70 కిలోలు దాటకూడదు. అది గరిష్ఠ పరిమితి, మీ గుర్రానికి అంత వేయొచ్చని కాదు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిర్ర చివరిదాకా పొడవు టేపుతో సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే, ఆ పైన పొడవుతో గుణించి 11,900తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 130, పొడవు 125 అయితే 178 కిలోలు. అందులో నాలుగో వంతు, అంటే 44 కిలోలే జీనుతో కలిపి మోయాలి. కాఫీ పండ్ల బస్తా నిండా నింపి ఒక పక్కే వేయకుండా, సగం సగం చేసి రెండు పక్కలా సమంగా కట్టండి.

మేత విషయంలో రెండు జాగ్రత్తలు మరవొద్దు. బూజు పట్టిన మొక్కజొన్న గుర్రం మెదడును దెబ్బతీసి చంపేస్తుంది. ఇంట్లో కోళ్లుంటే వాటి దాణా గుర్రానికి అందకుండా పెట్టండి. కోళ్ల దాణాలో కలిపే మొనెన్సిన్ లాంటి మందులు కొద్దిగా తిన్నా గుర్రం గుండె ఆగిపోతుంది. రోజూ పచ్చిగడ్డి, చోడి గడ్డి, నానబెట్టిన ఉలవలు చాలు. అవీ ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా వేయాలి. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి, తిన్నది ఇమడకపోతే కడుపు ఉబ్బి పొర్లుతుంది. పొట్ట వైపు తిరిగి చూసుకుంటూ, నేలను కాలితో గీకుతూ, పేడ వేయకపోతే నాటు మందులు తాగించకుండా వెంటనే డాక్టరుగారిని పిలవండి.

గుర్రం ఇంటికి రాగానే మిగతా పశువులకు దూరంగా మూడు వారాలు కట్టండి. ధనుర్వాతం టీకా మొదటి డోసు అప్పుడే వేయించి, నాలుగు వారాలకు రెండోది వేయించండి. చిన్న మేకు గుచ్చుకున్నా ఈ జబ్బు గుర్రాన్ని వదలదు. జోరీగల కాలంలో జ్వరం వచ్చి పోతూ, తింటున్నా చిక్కిపోతూ, కాళ్లు, పొట్ట కింద వాపు వస్తే అది సర్రా (జోరీగ కాటుతో అంటుకునే రక్తపు జబ్బు) కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి. మీకు నవంబరులో కోతలు మొదలవుతాయి కాబట్టి సెప్టెంబరులోనే కొనండి. మూడు వారాలయ్యాక వారం రోజులు ఖాళీ జీనుతో తోట దాకా నడిపించి, ఆ తర్వాత పది కిలోలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.