ఆయనకు ఊరట, మీకు భయం, మధ్యలో మీ అబ్బాయి

ప్రశ్న: నా వయసు 39, మా వారికి 43. పెళ్లికి ముందు నుంచే ఆయనకు గంజాయి అలవాటుందని నాకు తెలుసు. అప్పట్లో ఎప్పుడో ఒకసారి పీల్చేవారు. నాలుగైదేళ్లుగా రోజూ రాత్రి బాల్కనీలోకి వెళ్లి పీల్చి వస్తేగానీ నిద్రపోవడం లేదు. ఉద్యోగం బాగానే చేస్తారు, ఇంట్లో గొడవ పెట్టుకోరు. "మద్యం తాగేవాళ్లకంటే నేను ఎంతో నయం. దీనివల్లే నా మనసు కుదురుగా ఉంటోంది. ఇది ఒక మొక్క, కొన్ని దేశాల్లో చట్టమే ఒప్పుకుంది" అంటారు. నా తమ్ముడూ కాలేజీ రోజుల్లో ఇదే అలవాటు చేసుకున్నాడు. ఇరవై ఏళ్లు నిండేసరికి ఎవరో తనను వెంటాడుతున్నారని, గోడల్లోంచి మాటలు వినిపిస్తున్నాయని చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. ఆ మాట ఎత్తితే మా వారు "మీ తమ్ముడిది మొదటి నుంచీ బలహీనమైన మనసు, గంజాయి మీద నెపం వేయకు" అంటారు. ఎక్కడెక్కడో చదివినవి తెచ్చి ఇద్దరం వాదించుకుంటాం. మా అబ్బాయికి 14 ఏళ్లు. తండ్రి బాల్కనీలోకి వెళ్లగానే లేచి తన గది కిటికీ మూసేస్తాడు. ఏమీ అడగడు. మా ఇద్దరిలో ఎవరి మాట నిజం?
(పేరు రాయవద్దు)

జవాబు: మీ ఉత్తరంలో మిగతా సంగతులన్నీ ఒక ఎత్తు, ఆ కిటికీ సంగతి ఒక్కటీ ఒక ఎత్తు. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరడిగిన ప్రశ్న చూద్దాం.

గంజాయి తనకు ఊరటనిస్తోందని మీ వారు చెప్పేది అబద్ధం కాదు. అది మీ తమ్ముడి జీవితాన్ని తలకిందులు చేసిందని మీరు చెప్పేదీ అబద్ధం కాదు. ఇద్దరూ కళ్లారా చూసినదే చెబుతున్నారు. చిక్కల్లా ఒకరి అనుభవాన్ని తెచ్చి అందరికీ వర్తించే తీర్పుగా చెప్పడంలోనే ఉంది.

గంజాయిలో మత్తు కలిగించే పదార్థం టీహెచ్‌సీ. దాన్ని 1964లో రఫాయెల్ మెచూలమ్, యెహీల్ గవోనీ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు విడదీసి, దాని నిర్మాణాన్ని తేల్చారు. అది మెదడులో ఎక్కడ పని చేస్తుందో 1988లో బయటపడింది. మన శరీరమే తయారుచేసుకునే కొన్ని రసాయనాల కోసం మెదడు కణాల మీద గ్రాహకాలు, అంటే వాటిని అందుకునే భాగాలు ఉంటాయి. భయం, జ్ఞాపకం, ఆకలి, నిద్ర, చివరికి సమయం ఎంత గడిచిందో తెలియడం, వీటన్నిటిలోనూ ఆ గ్రాహకాల పాత్ర ఉంది. టీహెచ్‌సీ వెళ్లి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. ఇన్ని పనులు జరిగే చోట వేలు పెట్టాక ఫలితం అందరిలో ఒకేలా ఎలా ఉంటుంది?

మోతాదు కాస్త మారినా మనసు మొగ్గే దిక్కు మారిపోతుంది. 2017లో షికాగో పరిశోధకులు 42 మంది ఆరోగ్యవంతులతో ఒక ప్రయోగం చేశారు. వారిలో కొందరికి టీహెచ్‌సీ, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, కొత్తవాళ్ల ముందు ఇంటర్వ్యూలాగా మాట్లాడించారు, అంకెలు వెనక్కి లెక్కపెట్టించారు. 7.5 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఆ ఒత్తిడి త్వరగా సర్దుకుంది. 12.5 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో దిగులు, ఆందోళన పెరిగాయి. రెండింటికీ తేడా ఐదంటే ఐదు మిల్లీగ్రాములు. అక్కడ కొలిచి ఇచ్చారు. బాల్కనీలో నిలబడి పీల్చేవారికి కొలిచి ఇచ్చేదెవరు? సరుకు ఘాటు కూడా ఎప్పుడూ ఒకలా ఉండదు. అమెరికాలో పోలీసులకు పట్టుబడిన గంజాయిని పరీక్షిస్తూ వస్తే, 1995లో సుమారు 4 శాతంగా ఉన్న టీహెచ్‌సీ 2014 నాటికి 12 శాతానికి చేరింది. "ఏళ్ల తరబడి వాడుతున్నాను, నాకేమీ కాలేదు" అనేవారు అప్పుడు వాడినదీ ఇప్పుడు వాడుతున్నదీ ఒకటేనా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇక మీ తమ్ముడి సంగతి. స్వీడన్‌లో 1969-70 మధ్య సైన్యంలో చేరడానికి వచ్చిన దాదాపు 45 వేల మంది యువకులను పదిహేనేళ్లపాటు గమనించి, 1987లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికే 50 సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, అకారణమైన అనుమానాలు వంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు), వాడనివారితో పోలిస్తే, ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. కుటుంబ పరిస్థితులు, అంతకుముందే ఉన్న మానసిక ఇబ్బందులు వంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు. 2019లో ఐరోపాలోని నగరాలతో పాటు బ్రెజిల్‌లో కూడా జరిపిన పరిశోధనలో, రోజూ వాడేవారికి తీవ్రమైన మతిభ్రమణం వచ్చే అవకాశం మూడు రెట్లు, ఘాటైన రకం రోజూ వాడేవారికి దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు తేలింది. మీ భయం గాలిలోంచి పుట్టింది కాదు.

మీ వారి మాటలోనూ సగం నిజముంది. గంజాయి వాడేవారిలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. గంజాయి ముట్టనివారికీ వస్తుంది. లోపల వంశపారంపర్యంగా ఏదో ఒక గుణం ఉండి, దానికి చిన్న వయసు, మత్తు, ఒత్తిడి తోడైనప్పుడు జబ్బు బయటపడే అవకాశం పెరుగుతుంది. మీ తమ్ముడి విషయంలో ఏది ఎంత పని చేసిందో ఏ వైద్యుడూ తూకం వేసి చెప్పలేడు. అయితే దాన్ని బలహీనమైన మనసు అనడం తప్పు. గోడల్లోంచి మాటలు వినిపిస్తున్నా మందులు వేసుకుంటూ, లేచి రోజు గడుపుతున్న మనిషిని బలహీనుడు అనకూడదు. ఆ మాట మీ వారు ఇంకెప్పుడూ అనవద్దని మీరు నిక్కచ్చిగా అడగవచ్చు. అడగాలి కూడా.

ఇప్పుడు ఆయన వాదననే పట్టుకుని ఇంకొక అడుగు ముందుకు వేద్దాం. జబ్బుకు మూలం గంజాయి కాదు, పుట్టుకతో వచ్చిన గుణమే అనుకుందాం. ఆ గుణం ఉన్నది మీ పుట్టింటి వైపు. అలాంటప్పుడు అది ఎవరికి వచ్చి ఉండే అవకాశం ఉంది? మీ వారికి కాదు. మీ అబ్బాయికి. మేనమామకు ఇలాంటి జబ్బు ఉన్న పిల్లవాడికి ముప్పు మామూలు పిల్లలకంటే కొంత ఎక్కువ. ఎక్కువమంది పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండానే పెరుగుతారు, భయపడిపోవద్దు. కానీ అలాంటి పిల్లవాడు పదిహేనేళ్లకో పదహారేళ్లకో గంజాయి మొదలుపెట్టడం, 43 ఏళ్ల తండ్రి పీల్చడం ఒకటి కాదు. మెదడు ఎదుగుదల ఇరవై దాటి కొన్నేళ్ల వరకూ సాగుతూనే ఉంటుంది. బానిసయ్యే అవకాశం కూడా వయసును బట్టే మారుతుంది. వాడి చూసినవారందరిలో సుమారు 9 శాతం మంది దానికి బానిసలవుతారని, యుక్తవయసులోనే మొదలుపెట్టినవారిలో ఆరుగురిలో ఒకరు అవుతారని అంచనా. ఇన్నాళ్లూ మీరిద్దరూ వాదించుకున్నది మీ వారి మనసు గురించి, మీ తమ్ముడి మనసు గురించి. ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ ముప్పున్న మనిషి ఆ సమయానికి లేచి కిటికీ మూసుకుంటున్నాడు.

ఆ పిల్లవాడికి అంతా తెలుసు. వాసన తెలుసు, వేళ తెలుసు, అడగకూడదనీ తెలుసు. ఈ వయసు పిల్లలు తండ్రి చేసేది చూసి అది మామూలే అనుకోవచ్చు, సిగ్గుపడవచ్చు, తండ్రికి ఏమవుతుందోనని బెంగపడవచ్చు. ఏది జరుగుతున్నదీ వాడు నోరు విప్పితేగానీ తెలియదు. ఆ నోరు విప్పించవలసింది మీరు కాదు, ఆయన.

మీ వారు చెప్పే ప్రశాంతత గురించి కూడా ఒక మాట. ఎప్పుడో ఒకసారి పీల్చినప్పుడు కలిగే హాయి వేరు, రోజూ పీల్చేవారికి రాత్రి దొరికే హాయి వేరు. రోజూ వాడుతూ పోతే మెదడు ఆ గ్రాహకాలను తగ్గించుకుంటుంది. పీల్చని రోజు చిరాకు, ఆందోళన, నిద్రలేమి వస్తాయి. పీల్చగానే అవి తగ్గుతాయి. తన మనసును కుదుటపరిచింది గంజాయే అనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు జరిగేది పాత అప్పు వడ్డీ కట్టడానికి కొత్త అప్పు తేవడం. ఆయన విషయంలో ఇదే జరుగుతోందని ఉత్తరం చదివి నేను చెప్పలేను. ఆయన కూడా రోజూ పీలుస్తూ ఉన్నంతకాలం తేల్చుకోలేరు. నాలుగు వారాలు పూర్తిగా ఆపి చూస్తేనే తెలుస్తుంది. మానేసిన నాలుగు వారాలకు మెదడులోని చాలా భాగాల్లో ఆ గ్రాహకాలు మామూలు స్థాయికి వస్తున్నట్టు 2012లో స్కాన్ల ద్వారా చేసిన పరిశోధనలో కనిపించింది. అందుకే నెల అంటున్నాను.

ఆ నెలలో మొదటి వారం ఎలా ఉంటుందో ఇద్దరూ ముందే తెలుసుకోండి. రెండో రాత్రికో మూడో రాత్రికో ఆయన పక్క మీద దొర్లుతారు. దిండు చెమటతో తడుస్తుంది. భోజనం ముందు కూర్చుని సగం తిని లేస్తారు. మీరు తలుపు కాస్త గట్టిగా వేసినా కసురుకుంటారు. నిద్ర పడితే రంగురంగుల కలలు, ఉలికిపాట్లు. గంజాయి కలల నిద్రను అణచివేస్తుంది కాబట్టి ఆపగానే అది పోటెత్తుతుంది. ఈ బాధలకు వైద్యశాస్త్రంలో గుర్తింపు ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి తన జబ్బుల వర్గీకరణలో వీటిని చేర్చింది. మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. నిద్ర మాత్రం ఇంకొంత కాలం ఇబ్బంది పెట్టవచ్చు. ఎక్కువగా తాగేవారు మద్యం ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం ఉండవచ్చు. గంజాయితో సాధారణంగా అలా ఉండదు. అయినా ముందుగా ఒక మానసిక వైద్యుణ్ణి కలిసి మొదలుపెట్టడం మేలు. ఎందుకంటే ఆపాక పైకి తేలేది పాత ఆందోళనో, కుంగుబాటో అయితే దానికి సరైన చికిత్స ఉంది. ఇన్నేళ్లుగా ఆయన దానికి తనంతట తానే మందు వేసుకుంటూ ఉండి ఉండవచ్చు. నెల తర్వాత మనసు తేలికపడిందో బరువెక్కిందో ఆయనే చెబుతారు. అప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోవడానికి ఇద్దరూ చూసినదంటూ ఒకటి ఉంటుంది.

మొక్క కాబట్టి మంచిదన్న వాదన మీద ఎక్కువ సమయం పెట్టను. పొగాకూ మొక్కే. చట్టం ఒప్పుకున్న మాట నిజమే. ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో పెద్దలకు అనుమతించాయి. ఆ కెనడాయే 18 ఏళ్లు నిండనివారికి అమ్మడాన్ని నేరంగా ఉంచింది. అక్కడి చాలా రాష్ట్రాల్లో ఆ వయసు 19, క్యుబెక్‌లో 21. అనుమతించిన దేశం కూడా పిల్లలను దీని దరిదాపులకు రానివ్వలేదు. మీరున్న చోట నిషేధం ఉంటే, ఇంట్లో ఉన్న పొట్లం ఆయన ఒక్కరి తలనొప్పి కాదు. మద్యంతో పోలిక ఇంకా తేలిక. దానికంటే ఇది నయమే అనుకున్నా, మీ వారు మద్యం మాని దీన్ని ఎంచుకోలేదు కదా. కొందరు రోగులకు దీంతో మేలు జరిగే మాట కూడా మీ వారు తెస్తారు. కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు, దీర్ఘకాలిక నొప్పికి, మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బులో కండరాల బిగువుకు కొంత ఉపయోగముందని అమెరికా జాతీయ అకాడమీలు 2017లో చెప్పాయి. తీవ్రమైన మానసిక జబ్బుతో దీనికి ఉన్న సంబంధానికి గట్టి ఆధారాలున్నాయని కూడా అదే నివేదికలో చెప్పాయి. ఒక పేజీ ఆయనా, ఒక పేజీ మీరూ చదివి కొట్లాడుకోవద్దు.

ఆయనతో మాట్లాడేటప్పుడు తమ్ముడి పేరుతో మొదలుపెట్టకండి. ఆయన వెంటనే వాదనకు దిగుతారు. బాల్కనీ నుంచి వచ్చాక అసలు వద్దు. పొద్దున, అబ్బాయి ఇంట్లో లేనప్పుడు, ఇలా చెప్పి చూడండి: "మీరు చెప్పే ఊరట నిజమేనని నేను ఒప్పుకుంటున్నాను. మీరు బయటికి వెళ్లగానే బాబు రోజూ తన కిటికీ మూసేస్తున్నాడు, మీరు గమనించారా? మా వైపు జబ్బు వాడికి వచ్చే అవకాశం ఉందని నాకు భయంగా ఉంది. ఒక్క నెల ఆపి చూద్దాం. ఆ నెల మీరెంత విసుక్కున్నా నేను ఓర్చుకుంటాను." ఆ తర్వాత ఆగండి. ఆయన మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి.

అబ్బాయితో మాట్లాడవలసింది ఆయనే అన్నాను. ఉపన్యాసం అక్కర్లేదు. "నేను రాత్రిపూట ఏం చేస్తున్నానో నీకు తెలుసు. నాకది అలవాటైపోయింది, ఇప్పుడు ఆపడానికి ప్రయత్నిస్తున్నాను. మీ మామయ్యకు వచ్చిన జబ్బు వల్ల నీకు ఇది నాకంటే ఎక్కువ ప్రమాదం. నీ స్నేహితుల్లో ఎవరైనా ఇస్తే నాతో చెప్పు, కోప్పడను" అంటే చాలు. ఆ మాట అన్నాక నిజంగానే కోప్పడకూడదు. మేనమామ జబ్బును ఇంట్లో గుసగుసల్లో దాచారేమో నాకు తెలియదు. దాచి ఉంటే ఇప్పుడు చెప్పండి. తనకున్న ముప్పు తెలియని పిల్లవాడు దాన్నుంచి తప్పుకోలేడు.

మీ వారు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకుని, పది రోజులకే మళ్లీ మొదలుపెట్టవచ్చు. రెండోది జరిగితే అది మోసమని అనకండి. తనంతట తాను ఆపలేకపోతున్నారని ఆయనకే తెలిసింది. కౌన్సెలింగ్‌కు వెళదామని అడగడానికి అదే అదను. ఈ అలవాటుకంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇప్పటివరకు లేదు గానీ, ఆలోచనల తీరు మార్చే చికిత్స, మానాలన్న సంకల్పాన్ని బలపరిచే సంభాషణ చికిత్స చాలామందికి పని చేస్తాయి. అసలే ఒప్పుకోకపోతే ఇంట్లో, అబ్బాయి ఉండగా పీల్చకూడదన్న ఒక్క షరతు మీద గట్టిగా నిలబడండి. కౌన్సెలర్ దగ్గరికి మీరొక్కరే వెళ్లి రండి. ఒక్కరే వెళ్లినా ఉపయోగం ఉంటుంది.

తమ్ముడు మందులు ఆపకుండా చూడండి. మీ ఇంటికి వచ్చినప్పుడు గంజాయి వాసన కూడా అతని దగ్గరికి రాకూడదు. ఆ జబ్బు ఉన్నవారు మళ్లీ వాడితే లక్షణాలు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మీ అబ్బాయిలో గానీ, మీ వారిలో గానీ వారాల తరబడి అకారణమైన అనుమానం, ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, ఉన్నట్టుండి చదువూ స్నేహాలూ వదిలేసి గదిలో ఉండిపోవడం, రాత్రంతా మేలుకునే ఉండడం కనిపిస్తే, వయసు ప్రభావమనో అలసట అనో సరిపెట్టుకోవద్దు. ఆ వారంలోనే మానసిక వైద్యుణ్ణి కలవండి. వైద్యం ఎంత తొందరగా మొదలైతే కోలుకునే అవకాశం అంత మెరుగు. మీ తమ్ముడి విషయంలో మొదటి లక్షణాలు ఎలా కనిపించాయో మీకు బాగా గుర్తుండే ఉంటుంది. వాటిని ఒక కాగితం మీద రాసి, వైద్యుణ్ణి కలిసే రోజు వెంట తీసుకువెళ్లండి.