ఓడకెక్కే బియ్యం, చేతిల ఉన్న పాలసీ: మిల్లు నడిపే పిల్లగానికి ఉత్తరం

చిరంజీవికి పెద్దనాయన ఆశీస్సులు.

మిర్యాలగూడ మిల్లుల ఎగుమతి పని ఇగ నువ్వే చూస్తున్నవని మీ నాయిన చెప్పిండు. మొదటి లాటుకు మెరైన్ పాలసీ (సముద్ర రవాణా బీమా) తీసుకున్నం, ఏం జరిగినా కంపెనీ ఇస్తది అన్నవట. ఆ ‘ఏం జరిగినా’ అన్న మాట దగ్గరనే ఆగి ఈ ఉత్తరం చదువు.

మన మెరైన్ ఇన్సూరెన్సు చట్టం 1963లది. అందుల 43వ సెక్షన్ చిన్నది, రెండు సంగతులు చెప్తది. ఒకటి, బీమా చేసిన రవాణా చట్టబద్ధమైనదై ఉండాలె. రెండు, బీమా చేసినోని చేతిల ఉన్నంత వరకు ఆ పని చట్టబద్ధంగనే నడవాలె. దీన్నే చట్టబద్ధత వారంటీ అంటరు. ఫ్యానుకు, మోటరుకు దుకాణపాయన ఇచ్చే వారంటీ వేరు. ఇది నువ్వు బీమా కంపెనీకి ఇచ్చే మాట. పాలసీ కాగితంల ఎక్కడా రాసి ఉండదు, అయినా ఇచ్చినట్టే లెక్క.

మాట తప్పితే ఏమైతదో 35వ సెక్షన్ చెప్తది. తప్పిన రోజు నుంచి కంపెనీకి బాధ్యత ఉండదు, అంతకు ముందు జరిగిన నష్టానికి మాత్రం ఉంటది. ఆ తప్పుకూ నష్టానికీ సంబంధం ఉందా అని కూడ చూడరు. కంటెయినర్ పైకప్పుకు చిల్లి పడి సముద్రపు నీళ్ళు దిగినయనుకో. నష్టం చూసేటందుకు వచ్చే సర్వేయర్ తడి సంచి మీద సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తడు, తెల్లగ విరిగితే ఉప్పునీళ్ళే అని రాస్తడు. నష్టం నిజం, కారణం నిజం. కాని ఆ సరుకు నిషేధం ఉన్నప్పుడు పేరు మార్చి పంపిందని తేలితే ఆ రిపోర్టు దేనికీ పనికిరాదు. చిల్లికీ నిషేధానికీ ఏం సంబంధం అని నువ్వు వాదించినా నడవదు. తర్వాత సరిచేసుకున్నం గదా అంటే కూడ 36వ సెక్షన్ ఒప్పుకోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోన్ల వెతికితే ఇంగ్లండు 2015 చట్టం కనబడ్తది. వారంటీ తప్పినా సరిచేసుకుంటే బీమా మళ్ళీ మొదలైతదని, నష్టానికి సంబంధం లేని షరతు తప్పితే క్లెయిము పోదని అందుల ఉంటది. అది అక్కడ 2016 ఆగస్టు నుంచి నడుస్తున్నది. మన 1963 చట్టం వాళ్ళ 1906 నాటి పాత చట్టాన్ని చూసి రాసుకున్నది, ఆ మార్పు ఇక్కడికి రాలేదు.

మన బియ్యానికి ఈ సెక్షన్ ఎక్కడ తగుల్తదో చూడు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసిండ్రు. ఆగస్టు 25న బాయిల్డ్ రైసు (ఉప్పుడు బియ్యం) మీద 20 శాతం సుంకం వేసిండ్రు. తెల్లబియ్యానికి దారి మళ్ళీ 2024 సెప్టెంబరు 28న తెరిచిండ్రు, అది కూడ టన్నుకు 490 డాలర్లకు తక్కువ పోవద్దన్న షరతుతోని. ఆ షరతు అక్టోబరు 23న తీసేసిండ్రు. ఇట్ల రాత్రికి రాత్రి రూలు మారే సరుకు మనది. 2025 సెప్టెంబరు నుంచి బాస్మతి కాని బియ్యం ఒప్పందం ముందుగాల అపెడాల (కేంద్రం నడిపే వ్యవసాయ ఎగుమతుల సంస్థల) రిజిస్టరు కావాలె, అది లేకుంట పంపుడు కుదరదు.

ఓడ పోయినంక నిషేధం వస్తే భయం లేదు, బయల్దేరేటప్పుడు పని చట్టబద్ధమే. చిక్కంతా లారీ దారిల ఉండంగ నోటిఫికేషన్ వస్తేనే. 2023 నోటిఫికేషన్ల మూడు మినహాయింపులు పెట్టిండ్రు: ఓడల లోడింగు మొదలైన సరుకు, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే కాగితం) వేసి, ఓడ రేవుకొచ్చి రొటేషన్ నంబరు (ఆ ఓడ రాకకు వేసే నంబరు) పడ్డ సరుకు, కస్టమ్స్ చేతికి అప్పగించి వాళ్ళ సిస్టంల ఎక్కిన సరుకు. అంటే మిల్లు నుంచి లారీ ఎప్పుడు కదిలిందన్నది లెక్కలకే రాదు. సరిహద్దుల ఉన్న వాడపల్లి దాటింది గదా అంటే ఎవరూ వినరు, రేవుల గేటు దాటిన గంట, నిమిషం కావాలె. అందుకే గేట్-ఇన్ చీటీ ఫోటో తీసి అదే రోజు మెయిల్ పెట్టమని మన క్లియరింగ్ ఏజెంటుకు ఇప్పుడే చెప్పిపెట్టు. మినహాయింపు దొరకకుంటే సరుకు ఆపి కంపెనీకి రాయి. ఎవరో చూసుకుంటరన్న మాట నమ్మి తెల్లబియ్యాన్ని బాయిల్డ్ అని రాసి పంపకు. అట్ల పంపితే చట్టబద్ధతతో పాటు ఉన్నదున్నట్టు చెప్పాలన్న 20వ సెక్షన్ కూడ తప్పినట్టే. రెండు దెబ్బలకు ఒక్క పాలసీ నిలబడదు.

ఇంకొకటి, మనోళ్ళు మాట్లాడుకోను ఇష్టపడని సంగతి. మిల్లుల సీఎంఆర్ (సర్కారు ధాన్యం ఆడించి బియ్యం తిరిగి ఇచ్చే పని) కూడ చేస్తున్నవు. ఆ ధాన్యం సర్కారుది. క్వింటాలుకు బాయిల్డ్ అయితే 68 కిలోలు, పచ్చిబియ్యం అయితే 67 కిలోలు అప్పజెప్పాలె. అది అమ్ముకొని రేపు కొని పెడ్తం అనుకునేటోళ్ళున్నరు. ఆ బియ్యం ఓడకెక్కితే ఆ రవాణానే చట్టం కానిది. రేషన్ బియ్యం కొని కలిపినా అంతే.

తెలిసి కలపనోళ్ళు కూడ ఇరుకుతరు. ఎట్లంటే, సీఎంఆర్ బియ్యంల వంద గింజలకు ఒకటి చొప్పున పోషకాల గింజలు కలిపిన లాట్లుంటయి. ఆ పోషకాల గింజలల్ల ఇనుము ఉంటది. చూసేటందుకు బియ్యం లెక్కనే ఉంటయి గాని అరచేతిల పోసి వెలుతురుకు పెడితే రంగు కొంచెం తేడా కొడ్తది, మొనలు మొండిగ ఉంటయి. చెకింగుకొచ్చినోళ్ళు ఇనుము పరీక్ష చేస్తే ఆ గింజలే ఎర్రబడ్తయి. సీఎంఆర్ ఆడించిన సాయంత్రమే అదే లైన్ల ఎగుమతి లాటు పడితే బ్లెండర్ హాపర్ల (గింజలు కలిపే తొట్టిల), ఎలివేటర్ అడుగున మిగిలిన గింజలు నీ సంచులల్లకు దిగుతయి. అది దొంగతనం కాదు, కాని కాదని రుజువు చేసే బరువు నీ నెత్తిన పడ్తది. అందుకని హాపర్ ఖాళీ చేయించు, ఎలివేటర్ బూటు (అడుగు భాగం) ఊడ్పించు. మొదట వచ్చే నాలుగైదు సంచులు పక్కన పెట్టి ఎగుమతి లాటుల కలపకు. లాటు నంబరు వేసి ప్రతి లాటు నుంచి కిలో నమూనా సీలు చేసి దాచు. ధాన్యం ఎవరి దగ్గర కొన్నవో రాసిన తక్‌పట్టీ (కొనుగోలు చీటీ), పైసలు పోయిన బ్యాంకు కాగితం ఆ నమూనాతోనే పెట్టు.

ఒక్క ఇరవై అడుగుల కంటెయినర్‌ల యాభై కిలోల సంచులు 520 పడితే 26 టన్నులు. పది కంటెయినర్లు ఒకే డిక్లరేషన్ (పంపే సరుకు ఇదీ అని బీమా కంపెనీకి ఇచ్చే కాగితం) కింద పంపి, ఒక్కదాంట్ల తేడా దొరికితే మిగతా తొమ్మిదింటి మీద కూడ కంపెనీ పేచీ పెడ్తది. లాటుకొక డిక్లరేషన్ వేసుకో, చేతిపని పెరుగుతది గాని తల తెగదు.

లారీల ఓవర్‌లోడు సంగతి. జరిమానా పడ్డంత మాత్రాన మొత్తం రవాణా చట్టవిరుద్ధం కాదని నేననుకుంట, చిన్న రూలు తప్పు వేరు, పనే నిషిద్ధమైనది వేరు. కాని లోడు చేసింది నీ మిల్లుల, ధర్మకాంటా చీటీ నీ దగ్గర. ‘నీ చేతిల ఉన్నంత వరకు’ అన్న మాట సూటిగ ఇక్కడ తగుల్తది. ఆర్‌సీల రాసిన మొత్తం బరువు చూసి లోడు ఆపు.

నీ చేతిల లేని తప్పుకు నీ పాలసీ పోదు. కెప్టెన్ నీకు తెల్వకుంట ఏదో రూలు తప్పితే అది వేరే లెక్క. 1865ల ఇంగ్లండుల ఒక కేసు ఉంది. చట్టం వద్దన్నా కెప్టెన్ డెక్కు మీద కలప పెట్టిండు, యజమానికి తెల్వదు. యజమాని బీమా చెల్లుతదనే తీర్పొచ్చింది. అయితే తెల్వదు అని నోటితో చెప్తే సరిపోదు. ఏజెంటుకు నువ్వు పెట్టిన మెయిళ్ళు, సరుకు పేరు సరిగ్గ రాయమన్న సూచన, అన్నీ రాతల ఉండాలె.

అన్నీ సరిగ్గున్నా కొన్నిటికి పైసలు రావు. మనం తీసుకునే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజులల్ల (సరుకు బీమాకు పెట్టే షరతులల్ల) ‘ఏ’ రకమే పెద్దది, దాంట్ల కూడ సరుకు పట్టుకొనుడు, ఆపివేసుడు బీమా వర్తించని వాటిల ఉన్నయి. ఏ దేశం కస్టమ్సోళ్ళు సరుకు ఆపినా నష్టం నీదే. పురుగుమందు ఎక్కువుందని అక్కడ వాపస్ కొట్టినా అంతే, అది సరుకు పాడయిన నష్టం కాదు.

సరుకు కొన్నాయన పేరు మీదికి పాలసీ మార్చిస్తే తప్పు ఆయనకు అంటదనుకోకు. నీ మీద చెప్పగలిగే ప్రతి అభ్యంతరం ఆయన మీద కూడ కంపెనీ చెప్పొచ్చు. క్లెయిము రాకుంటే ఆయన తిరిగి నీ మీదికే వస్తడు.

ఈ లాటు కాగితాలు రేవుకు పంపే ముందు ఒకసారి నాకు వాట్సాప్ చెయ్యి: అపెడా రిజిస్ట్రేషన్, ఇన్‌వాయిసు, ప్యాకింగు లిస్టు, డిక్లరేషన్, షిప్పింగ్ బిల్లు. సరుకు పేరు ఐదింట్లనూ ఒకే తీరున ఉన్నదా చూస్త. మొన్న పంపిన ఇన్‌వాయిసుల ‘రైస్’ అని మాత్రమే ఉంది, బాయిల్డ్ అన్న మాట లేదు. అది ముందు సరిచెయ్యి.

మీ పెద్దనాయన