మ్యూజియంలో వస్త్రాలు ఎందుకు మారుస్తారు?

ప్రశ్న: మా ప్రాంతీయ చరిత్ర, సంస్కృతుల మ్యూజియంలో నిరుడు చూసిన పాత నేతవస్త్రాలు, చేతిరాత ఉత్తరాలు ఈసారి కనిపించలేదు. రాతి విగ్రహాలు మాత్రం అలాగే ఉన్నాయి. కారణమేమిటి?

జవాబు: కారణం వెలుతురు. సహజ రంగులద్దిన బట్టకూ సిరాతో రాసిన కాగితానికీ కాంతి వల్ల కలిగే హాని రోజురోజుకూ పేరుకుపోయేదే తప్ప, తర్వాత చీకట్లో ఉంచినంత మాత్రాన నయమయ్యేది కాదు. అందుకే వీటిమీద పడే కాంతిని సాధారణంగా 50 లక్సులకు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించనివ్వకుండా, కొన్ని నెలలు ప్రదర్శించాక నిల్వగదికి తరలించి, వాటి స్థానంలో వేరేవి ఉంచుతారు. హాలు మసకగా ఉందని విసుక్కునేవారు చాలామందే ఉన్నారు గానీ, ఆ మసకే వస్త్రానికి ఆయుష్షు. రాయికి ఈ బెడద లేదు. నిల్వగదిలో కూడా పెద్ద వస్త్రాన్ని మడతపెట్టరు. మడత పడిన చోటే పోగులు తెగుతాయి కనుక, ఆమ్లరహిత కాగితం తొడిగిన గొట్టానికి చుట్టి భద్రపరుస్తారు.

అంతర్జాతీయ మ్యూజియాల మండలి 1977లో నెలకొల్పిన మ్యూజియం దినోత్సవం మే 18న వస్తుంది; ఆ సందర్భంగా చాలాచోట్ల ప్రత్యేక ప్రదర్శనలు, ప్రసంగాలు ఉంటాయి. పరిశోధన నిమిత్తం రాతపూర్వకంగా కోరితే, నిల్వలోని వస్తువును సిబ్బంది సమక్షంలో చూపించే మ్యూజియాలూ ఉన్నాయి. అలా అడిగేటప్పుడు వస్తువు పేరుతో పాటు దాని నమోదు సంఖ్యనూ పేర్కొనండి.