రెండు సీట్ల కారుకి కాలువ గట్టు పడుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు సీట్ల స్పోర్ట్స్ కార్ల గురించే. చాలామంది ప్రశ్న ఒకటే: తక్కువలో దొరుకుతోంది, కొనొచ్చా? అయిదు ఉత్తరాలకు జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రొయ్యల చెరువుల పనికి పికప్, ఇంటికి ఏడు సీట్ల బండి ఉన్నాయి. టాప్ తీసే రెండు సీట్ల కారు మీద చాలాకాలంగా మనసుంది. ఢిల్లీ నెంబరుతో 2012 మోడల్ బీఎండబ్ల్యూ జడ్4, 35ఐ, 61 వేల కిలోమీటర్లు తిరిగింది, 24 లక్షలు చెబుతున్నారు. నా దగ్గర మొత్తం 30 లక్షలు ఉన్నాయి. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఇంటి అవసరాలకు వేరే బండి ఉందన్నారు. లేకపోతే వద్దని ఒక్క మాటలో చెప్పేవాళ్ళం. 30 లక్షల్లో కొత్త రెండు సీట్ల స్పోర్ట్స్ కారు రాదు. ఎంజీ సైబర్‌స్టర్ 2025 జులైలో 74.99 లక్షలకు వచ్చింది. జడ్4 ఎం40ఐ 2023లో 89.30 లక్షలు. అందుకే మీ బడ్జెట్‌కి సెకండ్ హ్యాండే దారి. అందులో 24 లక్షలు బండి ధర మాత్రమే. మిగిలిన 6 లక్షలు ఎక్కడెక్కడ కరిగిపోతాయో ముందు చూడండి.

మొదట కాగితాలు. ఢిల్లీ ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, అంటే నిరభ్యంతర పత్రం, రావాలి. బదిలీకి ఫారం 29, 30. బండి మీద లోను ఉండి ఉంటే ఫారం 35తో హైపోథికేషన్, అంటే ఆర్సీలో లోనిచ్చిన వారి పేరు, తీయించి ఉండాలి. తర్వాత మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్. దీన్ని లెక్కించేది మీరు ఇచ్చిన 24 లక్షల మీద కాదు, బండి కొత్తప్పటి ఇన్వాయిస్ ధర, వయసు చూసి. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్సీ, ఇన్వాయిస్ నకళ్ళు పట్టుకుని మీ రవాణా కార్యాలయంలో ఎంత అవుతుందో లెక్క కట్టించుకోండి. అది పోగా చేతిలో కనీసం 3 లక్షలు మిగలకపోతే ఈ బేరం వదిలేయండి.

ఇంకొకటి. 2012లో రిజిస్టరైన బండికి 15 ఏళ్ళు 2027లో నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చేయించి, ఫారం 25తో రిజిస్ట్రేషన్ మరో 5 ఏళ్ళకు పొడిగించుకోవాలి. ఆ గడువు దగ్గర పడే కొద్దీ అమ్మకందారుకు తొందర పెరుగుతుంది. బేరంలో ఆ మాట తప్పకుండా వాడండి.

ఇక ఇంజను. 35ఐలో ఉండేది రెండు టర్బోలున్న 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. మహా హుషారైనది, కానీ దాని జబ్బులు దానికున్నాయి. బండి చూడటానికి వెళ్ళే రోజు ఇంజను ముందుగా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్నాడు రండి. చల్లటి ఇంజను సెల్ఫ్ కొట్టాక అందుకోవడానికి చాలాసేపు తీసుకుంటే హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు మీద అనుమానం పెట్టుకోవాలి. ఐడిలింగ్‌లో గలగలమని రేకు చప్పుడు వస్తే టర్బో ఒత్తిడిని అదుపు చేసే తలుపు, వేస్ట్‌గేట్, అరిగినట్టు. వాటర్ పంపు బెల్టుతో కాక కరెంటుతో తిరుగుతుంది, చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది, ఇంజను వేడెక్కిపోతుంది. థర్మోస్టాట్‌తో కలిపి మార్చిన బిల్లు చూపించలేకపోతే ఆ ఖర్చు మీ మీద పడినట్టే లెక్క. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ దగ్గర తడి ఉందేమో టార్చి వేసి చూడండి. ఆ ఆయిల్ బెల్టు మీద పడితే బెల్టు జారి, తెగి, దాని పోగులు క్రాంక్ సీల్ లోపలికి పోతాయి. చిన్న గాస్కెట్‌తో పోయేది ఇంజను దించే పని దాకా వెళ్తుంది. స్కానర్ పెట్టించి, మీటరు చూపించే 61 వేలూ లోపలి ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ళలో ఉన్న అంకే ఒకటేనా అని సరిచూడండి.

ఈ మోడల్‌కి మడత పడే గట్టి టాప్ ఉంటుంది. వరసగా మూడుసార్లు తెరిచి మూయించండి. మధ్యలో ఆగినా, కీచుమన్నా, ఒకవైపు ముందు, ఒకవైపు వెనక కదిలినా హైడ్రాలిక్స్‌లో లోపం. డిక్కీ కార్పెట్ ఎత్తి మూలల్లో చెయ్యి పెట్టండి. తడిగానీ బూజు వాసనగానీ ఉంటే నీళ్ళు దిగుతున్నాయి. సీటు బెల్టును చివరి దాకా లాగండి. ఆ చివర మట్టి చారలు కనిపిస్తే అది వరదలో మునిగిన బండి. ఎంత తక్కువకిచ్చినా ముట్టుకోవద్దు.

టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్ళు దాటితే టైరు గాడులు ఎంత లోతున్నా మార్చాలి. ఈ బండికి స్టెప్నీ ఉండదు, గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి. వాటి పక్క గోడ బిరుసు. మన గోతుల్లో పడితే రిమ్ము వంగడం, పక్క బుడగలా ఉబ్బడం మామూలు. మామూలు టైర్లు వేయించుకుని పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్ దగ్గర పెట్టుకోవడం మా సలహా.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ దారి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఊళ్ళో వాళ్ళు వేసుకున్న దిమ్మలు ఆ వెడల్పులో పదో వంతు ఉండవు. అది ఎక్కేటప్పుడు ముందు బంపరు కింది అంచు, దిగేటప్పుడు పొట్ట తగులుతాయి. ఇద్దరిని కూర్చోబెట్టి బండి అడుగున అన్నిటికంటే కిందికున్న చోటు నుంచి నేలకి టేపుతో కొలవండి. తర్వాత ఇంటి నుంచి జాతీయ రహదారి ఎక్కేదాకా ఉన్న ప్రతి దిమ్మనూ కొలవండి. దిమ్మను నేరుగా కాక ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేట్టు దాటిస్తే కొంత గట్టెక్కొచ్చు. అంతకంటే ప్రమాదం కాలువ గట్టు రోడ్డు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే ఎడమ చక్రాలు తారు దింపాల్సిందే. వాన తర్వాత నల్లమట్టి కుంగి, తారు అంచుకీ మట్టికీ మధ్య జానెడు తేడా ఉంటుంది. తిరిగి ఎక్కించేటప్పుడు బండి అడుగున ఉండే పళ్ళెం గీసుకుపోతుంది. వరికోతలప్పుడు రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. చీకట్లో ఆ రాళ్ళు ఈ కారు ఎత్తు నుంచి చాలా ఆలస్యంగా కనబడతాయి.

మా మాట: ధర 20 లక్షల దగ్గరకు దిగి, వాటర్ పంపు మార్చిన బిల్లు ఉండి, టాప్ సాఫీగా పనిచేస్తే తీసుకోండి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా వద్దు. వేగం కోసమే అయితే ఫోక్స్‌వాగన్ వర్టస్ 1.5 జీటీలో 150 పీఎస్ ఉంది, నేలకి 179 మిల్లీమీటర్ల ఎత్తుంది, మీ గట్టు మీద హాయిగా తిరుగుతుంది. కానీ టాప్ తీసి సాయంత్రం పూట సిద్ధాంతం వంతెన మీద గోదావరి గాలి తగులుతూ వెళ్ళాలన్నదే మీ కోరికైతే, దానికి వర్టస్ బదులు కాదు. ఆ సంగతి మాకూ తెలుసు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో మాజ్దా మియాటా నడుపుతున్నాడు. వచ్చే ఏడాది ఇండియా వచ్చేస్తున్నాడు. కారు కూడా తెచ్చుకుంటానంటాడు. వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వీలవదమ్మా. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మన దేశంలోకి తెచ్చే వాడిన కారుకి స్టీరింగ్ కుడివైపే ఉండాలి, తయారై 3 ఏళ్ళు దాటకూడదు, ముంబై రేవులోనే దించాలి. అవన్నీ కుదిరినా కస్టమ్స్ సుంకంతో కారు ధర రెట్టింపు దాటిపోతుంది. పైగా మాజ్దా ఇక్కడ అమ్మదు కాబట్టి అద్దం పగిలినా విదేశం నుంచే రావాలి. మీ అబ్బాయి ఇష్టం అర్థమవుతోంది. 1989లో వచ్చినప్పటి నుంచీ ఆ కారు గొప్పతనం బలంలో కాదు, బరువు లేకపోవడంలో ఉంది. ఇప్పటి తరం బండి కూడా దాదాపు 1,100 కిలోల దగ్గరే ఆగుతుంది. అక్కడే మంచి ధరకి అమ్మి రమ్మనండి.

ప్రశ్న: యానాం నెంబరు వేయిస్తే పన్ను బాగా తగ్గుతుందని బ్రోకరు చెబుతున్నాడు. మేం కాకినాడలో ఉంటాం. నిజమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: యానాంలో ఇచ్చే పీవై 04 నెంబరు పుదుచ్చేరి పన్నుతో వస్తుంది. అక్కడ నిజంగా నివాసముండి, ఆ చిరునామా రుజువు ఉన్నవారికి అది హక్కే. మీరు కాకినాడలో ఉంటూ బండిని ఇక్కడే 12 నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం మన రాష్ట్ర నెంబరు తీసుకోవాలి, పన్ను కట్టాలి. ఊళ్ళో రోజూ కనబడే మారుతి అయితే ఎవరి కంటా పడకపోవచ్చు. ఎర్రటి రెండు సీట్ల కారు ప్రతి చెక్‌పోస్టులోనూ ఆగుతుంది. దొంగ చిరునామాతో చేయిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిములో కూడా చిక్కే. వద్దు.

ప్రశ్న: మెత్తటి గుడ్డ టాప్ ఉన్న కారు కొన్నాం. నెలకు రెండుసార్లే తీస్తాం. ఉప్పు గాలి, ఎలుకలు, వరద భయం ఉన్నాయి. ఎలా చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మీ వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పు వదలదు, ఇంకో పొర పడుతుంది. కుళాయి నీళ్ళో, వాన నీళ్ళో వాడండి. అంతర్వేది వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ పైపు అడుగుకి పెట్టి చక్రాల గూళ్ళు, సస్పెన్షన్ చేతులు, తలుపు కింది అంచులు కడగండి. తుప్పు ముందుగా అక్కడే మొదలవుతుంది. ఏసీ కండెన్సర్ రెక్కల మీద మాత్రం నీళ్ళు మెల్లగా పోయండి, ప్రెషర్ వాషర్ పెడితే వంగిపోతాయి.

టాప్ మడిచే చోట రెండు వైపులా నీళ్ళు పోయే రంధ్రాలుంటాయి. కొబ్బరి పూత, వేపాకు పడి అవి మూసుకుపోతే నీళ్ళు కారు లోపలికి దిగుతాయి. కొన్ని మోడళ్ళలో టాప్ మోటారు సరిగ్గా ఆ గుంతలోనే ఉంటుంది, నానిపోతుంది. తొలకరికి ముందు ఒకసారి, వానల్లో నెలకోసారి గ్లాసుడు నీళ్ళు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి. ఇనప తీగ పొడవొద్దు, గొట్టం చిరుగుతుంది. ప్లాస్టిక్ తాడు చాలు. తడి టాప్ మడవకండి, మచ్చలు పడతాయి. టార్పాలిన్ కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవరు కప్పండి.

ఎలుకలకి మిరియాలు, పొగాకు, స్ప్రేలు నమ్ముకోకండి. షెడ్డులో ధాన్యం బస్తాలు, చేపల మేత ఉన్నంత కాలం అవి వస్తూనే ఉంటాయి. ముందు వాటిని వేరే చోటికి మార్చండి. షెడ్డు తలుపు కింద సందు, కిటికీలు పావు అంగుళం కన్నున్న ఇనప మెష్‌తో మూయండి. కోతలయ్యాక పొలం ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి. ఆ వారాల్లో బండి తీసే ముందు ప్రతిసారీ బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా విప్పి చూడండి, గూడు పెట్టేది అందులోనే.

నెలకి రెండుసార్లే అన్నారు. అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం కంటే అసలు తీయకపోవడమే నయం. ఇంజను పూర్తిగా వేడెక్కక ఆయిల్లో నీటి తడి, పెట్రోలు మిగిలిపోతాయి. తీసినప్పుడల్లా 25-30 కిలోమీటర్లు తిప్పండి. బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపాలి. 12.2కి దిగిందంటే సగం అయిపోయింది. మెయింటెనెన్స్ చార్జరు తగిలించి ఉంచండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ చెమ్మను పీలుస్తుంది, మన గాలిలో చెమ్మకి కొదవ లేదు. బండి నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచితే లోపల గాలికి చోటు తక్కువ. మీది 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన కారైతే ప్రతి సర్వీసులో పెట్రోలు రబ్బరు గొట్టాలు నొక్కి చూపించండి. మెత్తబడినా, పగుళ్ళు కనబడినా వెంటనే మార్చాలి. వేడి ఇంజను పక్కన పెట్రోలు కారితే మంటలే.

వరద సంగతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. రెండోది 13.75, మూడోది 17.75. మీరు ఏటిగట్టు లోపల ఉంటే మొదటి హెచ్చరికకే కారును తణుకో తాడేపల్లిగూడెమో బంధువుల ఇంటికి పంపేయండి. రెండోదాకా ఆగితే రేవులూ, రోడ్లూ మీ చేతిలో ఉండవు. ఒకవేళ నీళ్ళు చేరితే స్టార్ట్ చేయొద్దు, బ్యాటరీ తీసేసి బండిని ట్రక్కు మీద ఎక్కించండి. మునిగిన ఇంజనును తిప్పితే సిలిండర్‌లోకి వెళ్ళిన నీరు కనెక్టింగ్ రాడ్‌ను వంచేస్తుంది. మన బండికి జరిగిన నష్టానికిచ్చే మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీ వరద నష్టాన్ని ఇస్తుంది గానీ, నీళ్ళలో స్టార్ట్ చేసి చెడగొట్టుకున్న ఇంజనుకి ఇవ్వదు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరే తీసుకోవాలి. పాత బండికి దొరుకుతుందో లేదో పాలసీ కట్టే ముందే అడగండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మా వారు ఇలాంటి కారు కొంటామంటున్నారు. ఎక్కి దిగడం కష్టమా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: కష్టమే. సీటు మోకాలి కంటే చాలా కిందికి ఉంటుంది, కూర్చోవడం కంటే లేవడం ఎక్కువ బాధ. కొనే ముందు మీరు వెళ్ళి వరసగా పదిసార్లు ఎక్కి దిగండి. ముందు వెనక్కి తిరిగి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు రెండు పాదాలూ నేల మీద ఆన్చాకే లేవాలి. చీరతో ఒకసారి, టాప్ మూసి ఉన్నప్పుడు ఒకసారి చూడండి. మూసి ఉంటే తల వంచాల్సి వచ్చి నడుం మీద బరువు పడుతుంది. ఏడోసారికి పట్టుకోవడానికి ఏదైనా వెతుక్కుంటున్నారంటే మీ వారికి ఆ సంగతి అక్కడే చెప్పండి. సామాను గురించి కూడా అడగండి. 2009-2016 నాటి జడ్4లో టాప్ మూసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, మడిస్తే 180. టాప్ తీసి వెళ్ళాలంటే ఇద్దరివీ కలిపి ఒక చిన్న సూట్‌కేసు, ఒక చేతిసంచి పడతాయి. పుట్టింటి నుంచి కొబ్బరికాయలు, పనసకాయ తెచ్చుకునే రోజు మాత్రం ఇంట్లో ఉన్న పెద్ద బండే తీయండి.