నెలకో విహారం, ఆరు నెలల వాయిదాలు

ప్రశ్న: నా వయసు 33. చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తున్నాను. చేతికి నెలకు 72,000 రూపాయలు వస్తాయి. ఇంటి అద్దె 19,000. సరుకులు, పాప బడి ఫీజు, పెట్రోలు కలిపి 24,000. నెల్లూరులో ఉన్న అమ్మానాన్నలకు 10,000 పంపుతాను. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ 5,000. విదేశాలు తిరిగే స్తోమత లేదు కనుక నెలకోసారి మహాబలిపురమో, పుదుచ్చేరో, మరో తీరమో చూసి వస్తున్నాం. ఒక్కోసారి సుమారు 14,000 అవుతుంది. దాన్ని క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల వాయిదాలుగా మార్చుకుంటున్నాను. అలాంటివి ఇప్పుడు నాలుగు నడుస్తున్నాయి, చివరిది అక్టోబరులో ముగుస్తుంది. ఈలోగా ఒక యాప్ లక్ష రూపాయల ప్రయాణ రుణం ఇస్తానంటోంది. దానితో వాయిదాలు తీర్చేసి, మిగిలినది ఈ ఏడాది విహారాలకు వాడుకుంటే నెలవారీ భారం తగ్గుతుంది కదా? బ్యాంకులో 22,000 ఉన్నాయి. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చినదే, అందులో అమ్మానాన్నలు కూడా ఉన్నారు. ఫిబ్రవరిలో పాప పుట్టినరోజుకు పుదుచ్చేరి వెళ్లాలని ఉంది.

జవాబు: ఆ రుణం తీసుకోకండి. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగిలినది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. సింగపూర్ వెళ్లాలనుకునే కుటుంబం రెండేళ్ల ముందే రికరింగ్ డిపాజిట్ తెరుస్తుంది, నలుగురిని అడుగుతుంది, లెక్క రాసుకుంటుంది. మహాబలిపురం వెళ్లేవారు ఎవరినీ అడగరు. ఊరు దగ్గర కనుక ఖర్చు కూడా చిన్నదే అనిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం గది దొరికితే చాలు, ఫోనులో రెండు మీటలు నొక్కి బయలుదేరతారు. అలా బయలుదేరేవారిలో చాలామందికి తాము ఏడాదికి లక్షన్నర దాటిస్తున్నామని తెలియదు. మీరూ పన్నెండు పద్నాలుగులు ఎంతో ఎప్పుడూ వేసి చూసుకున్నట్లు లేరు. 1,68,000.

ఇక వాయిదాల సంగతి. 14,000 రూపాయలకు ఏడాదికి 16 శాతం వడ్డీ వేసుకుంటే ఆరు నెలల వాయిదా 2,444 అవుతుంది. వడ్డీ 664, దాని మీద జీఎస్టీ 120, ప్రాసెసింగ్ రుసుము 199, దాని మీదా జీఎస్టీ. అన్నీ కలిపితే వెయ్యి దాటుతుంది. పద్నాలుగు వేల విహారం పదిహేను వేలయింది. వెయ్యే కదా అంటారా? నెలకొకటి చొప్పున ఏడాదికి పన్నెండు వేలు. అంటే మీ ఇంటిల్లిపాదీ పన్నెండు సార్లు వెళ్తే దాదాపు పదమూడోసారి ఖర్చు పెట్టుకుని బ్యాంకును విహారానికి పంపుతున్నారు.

ఇందులో అసలు తమాషా వేరే ఉంది. నెలకొకటి చొప్పున ఆరు నెలలు ఇలాగే సాగితే ఒకేసారి ఆరు వాయిదాలు నడుస్తుంటాయి. ఆరు రెండువేల నాలుగువందల నలభై నాలుగులు 14,664. అంటే ఆరో నెల నుంచి మీరు ప్రతినెలా కట్టేది ఒక పూర్తి విహారం ఖరీదే. రొక్కం ఇచ్చి వెళ్లినా అంతే అయ్యేది, ఇంకాస్త తక్కువే అయ్యేది. వాయిదాల వల్ల మీకు కలిగిన సౌకర్యం మొదటి అయిదు నెలలతోనే సరి. ఆ తరువాత మిగిలేది, ఎప్పుడు చూసినా నెత్తిమీద ఉండే ముప్పై అయిదు నుంచి యాభై వేల అప్పు. అప్పు చేసి పప్పుకూడు అని మనవాళ్లు వెక్కిరిస్తారు గానీ, పప్పుకూడు తింటే కనీసం ఆ పూట గడుస్తుంది.

ఇప్పుడు యాప్ లక్ష. 24 నెలలకు, 18 శాతం వడ్డీకి లెక్క వేస్తే వాయిదా 4,992. ఇప్పుడు కడుతున్న 9,776తో పోల్చుకుని సగం తగ్గిందని మీరు సంబరపడుతున్నారు. అయితే ఆ 9,776 అక్టోబరుకల్లా సున్నా అయిపోయే అప్పు. దాన్ని తీసుకెళ్లి రెండేళ్ల అప్పులో కలిపేస్తున్నారు. పైగా రెండు శాతం రుసుము, దాని మీద జీఎస్టీ ముందే పట్టుకుని 97,640 చేతిలో పెడతారు. చివరికి రుసుముతో కలిపి 22 వేలు అదనంగా కడతారు. ఈ పని చేసిన వారిని నేను చాలామందిని చూశాను. కార్డు ఖాళీ అయిందన్న ఉత్సాహంలో మూడో నెలకే అదే కార్డు మీద మళ్లీ వాయిదా పెడతారు. అప్పుడు రెండూ ఉంటాయి. రుణం ఇచ్చేవారు ఒప్పందానికి ముందు మొత్తం ఖర్చు చూపే పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. కానీ దాన్ని చదివేవారు ఎందరు? మీరు చదివి ఉంటే ఈ ప్రశ్న వచ్చేది కాదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది మాత్రం ఈ రుణం కాదు, చివర్లో పొడిగా రాసిన "బ్యాంకులో 22,000 ఉన్నాయి" అన్న వాక్యం. అద్దె, ఇంటి ఖర్చు, అమ్మానాన్నలకు పంపేది కలిపితే మీకు నెలకు తప్పనిసరి ఖర్చు 53,000. అంటే జీతం ఆగితే మీ సంసారం రెండు వారాలు కూడా నడవదు. మీ చేతిలో అత్యవసర నిధి లేదు, విహారాల చిల్లర ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం పోయి మళ్లీ దొరకడానికి నాలుగైదు నెలలు పట్టినవారు మీ ఆఫీసు అంతస్తులోనే ఉండవచ్చు, అడిగి చూడండి.

అవసరమైతే కార్డు ఉందిగా అంటారు. మీ కార్డు పరిమితిలో ముప్పై వేలకు పైగా ఇప్పటికే విహారాలు తినేశాయి. బిల్లు పూర్తిగా కట్టలేక కనీస మొత్తం కడితే వడ్డీ ఏడాదికి నలభై శాతానికి అటూ ఇటూగా ఉంటుంది, కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది.

పైగా మీరున్నది చెన్నైలో. 2015 డిసెంబరు మొదటి వారం నేను మరచిపోలేను. అడయారు నది పొంగి ఇళ్లలోకి నీరు వచ్చింది, విమానాశ్రయం మూతపడింది, చాలా ప్రాంతాల్లో కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. నేను సలహా ఇస్తున్న ఒక కుటుంబం దిగువ అంతస్తులో ఉండేది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పరుపులు, బండి, అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. వారికి షేర్లలో నాలుగు లక్షలున్నాయి. ఆ వారం పాలకు, మంచినీళ్లకు పనికివచ్చింది మాత్రం ఆ ఇంటావిడ బీరువాలో చీర మడతలో దాచిన తొమ్మిది వేలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై ఎలా మునిగాయో మీరూ చూసే ఉంటారు, మీ దారిలోవే. అన్నట్టు, మీ బండి పాలసీకి ఇంజిన్ రక్షణ అదనపు కవర్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే, నీళ్లలో నిలిచిన బండిని స్టార్టు చేయబోయి పాడైన ఇంజిన్‌కు సాధారణంగా డబ్బు రాదు. మునిగిన బండిని స్టార్టు చేయకుండా మెకానిక్ దగ్గరకు తోసుకుపోవడమే మేలు.

చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. ఆ మూడు నెలలు తీరంలో గది తీసుకున్నా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవలసిందే. మే నెలలో అగ్నినక్షత్రం ఎండలు, ఇసుకలో కాలు పెట్టలేం. అంటే ఏడాదిలో నాలుగు నెలలు ఈ నగరం తానే మిమ్మల్ని ఇంట్లో కూర్చోమంటోంది. ఆ నెలలు నిధికి, జనవరి నుంచి మార్చి వరకు తిరగడానికి. మీరు విహారాలకు రాసుకునే క్యాలెండర్‌లోనే నిధికి కూడా గడులు గీసుకోండి.

లెక్క ఇలా వస్తుంది. కొత్త వాయిదా ఒక్కటి కూడా పెట్టకండి. ఉన్న నాలుగూ వాటి గడువు ప్రకారం ముగియనివ్వండి, ముందే మూస్తే మళ్లీ రుసుము పడుతుంది. సిప్ ఆపి ఆ 5,000 జూన్ నుంచి నిధికి మళ్లించండి. ఫండ్ల వారు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి, రెండు వారాల తిండి లేని ఇంటికి సిప్ ఎందుకు? నెలకొకటి చొప్పున తీసుకున్నారు కనుక మొదటి వాయిదా జూలైతో, తరువాతివి ఒక్కో నెల తేడాతో తీరతాయి. తీరిన ప్రతి వాయిదా సొమ్మూ జీతం వచ్చిన రోజే నిధిలోకి వెళ్లిపోవాలి. ఇప్పుడున్న 22,000తో కలిపి అక్టోబరు ఆఖరుకు 61 వేలు దాటుతుంది. అంటే వానల నడుమ చేతిలో నెల ఖర్చుకు మించి ఉంటుంది. నవంబరు నుంచి నెలకు 14,776 చొప్పున జనవరి ఆఖరుకు లక్షా ఆరు వేలు. తరువాత నెలకు పదివేలు నిధికి, మిగిలిన 4,776 విహారాలకు. నిధి 3,18,000 అయ్యేదాకా, అంటే ఆరు నెలల తప్పనిసరి ఖర్చు జమయ్యేదాకా, ఈ వరస మార్చకండి. ఆ డబ్బు జీతం ఖాతాలో వద్దు. వేరే బ్యాంకులో స్వీప్-ఇన్ డిపాజిట్‌గా (అవసరమైనప్పుడు కావలసినంత తీసుకోగలిగే ఫిక్సెడ్ డిపాజిట్‌గా) ఉంచండి, ఆ ఖాతాను ఫోనులో యూపీఐకి కలపకండి. కలిపితే అది నిధి కాదు, రిసార్టు అడ్వాన్సు.

బీమా గురించి రెండు మాటలు. కంపెనీ ఇచ్చిన కవర్ ఉద్యోగంతో పాటే పోతుంది. అమ్మానాన్నలకు షుగరు, బీపీ ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండవచ్చు కనుక ఉద్యోగం ఉండగానే విడిగా తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. మీకు టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివారికి డబ్బు వచ్చే జీవిత బీమా, ఉందో లేదో రాయలేదు, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. బంగారం మీద అప్పు, ఫండ్లు అమ్మడం లాంటివి మీ విషయంలో అనవసరం.

ఈలోగా ఇంట్లోనే కూర్చోమని కాదు. మీ నెలలో అన్నీ పోగా మిగిలే నాలుగు వేలు ఉన్నాయి, అవి చాలు. మీ పద్నాలుగు వేలలో సగానికి పైగా తినేది గది అద్దె, అదీ శని ఆదివారాల ధర. చెన్నైలో ఉన్నవారు సముద్రం చూడటానికి గది తీసుకోవడమే నాకు అర్థం కాదు. బీసెంట్ నగర్ ఇసుకకు టికెట్ లేదు. శుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఉన్న కోవలం తీరం మీ వైపే. మహాబలిపురం అరవై కిలోమీటర్లకు మించదు, పొద్దున్నే వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. తీర దేవాలయానికి, పంచ రథాలకు కలిపి టికెట్ 40 రూపాయలు, పాపకు అక్కర్లేదు. అర్జునుడి తపస్సు శిల్పం రోడ్డు పక్కనే ఉంటుంది. అందులో పిల్లి కూడా చేతులెత్తి తపస్సు చేస్తుంటుంది, కాళ్ల దగ్గర ఎలుకలు, పాపకు చూపించండి. చెంగల్పట్టు దాకా లోకల్ రైలులో వెళ్లి అక్కడి నుంచి వేడంతాంగళ్ పక్షులను చూడవచ్చు, అయితే జనవరి వరకు ఆగండి, ఎండాకాలంలో వెళ్తే ఖాళీ చెట్లే కనిపిస్తాయి.

పుట్టినరోజుకు పుదుచ్చేరి తప్పకుండా వెళ్లండి. ఫిబ్రవరిలో ఒక రోజు సెలవు పెట్టి, వారం మధ్యలో ఒక్క రాత్రికి గది తీసుకోండి, రానూపోనూ బస్సు ఎక్కండి. అక్కడ అద్దె స్కూటరు తీసుకుంటే నల్ల నంబరు పలక మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల పలక సొంత బండిని అద్దెకు ఇస్తుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ చేతులెత్తేసే వీలుంది. ఆ స్కూటరు మీద మీ వెనక కూర్చునేది భార్యా, పాపా కదా.