మాత్రలు మానేసి యోగాకి వెళ్లమంటున్నారు, ఏం చేయను?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే గోడు. డాక్టరు ఒకటి చెబుతాడు, ఇంట్లో పెద్దవాళ్లు ఇంకొకటి, ఫోన్లో వచ్చే వీడియో మూడోది. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అమ్మ పోయిన దగ్గర్నుంచి సరిగ్గా నిద్ర లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, ఏ పనీ చేయబుద్ధి కాదు. బస్సెక్కితే గుండె దడ, ఊపిరాడదు, ఇక పోతానేమో అనిపించి మధ్యలోనే దిగిపోతున్నాను. గ్యాసేమో అనుకున్నాం. ఈసీజీ, టూడీ ఎకో అన్నీ నార్మల్. సైకియాట్రిస్టు ఎసిటలోప్రామ్ 10, రాత్రికి క్లోనజెపామ్ 0.5 రాశారు. పది రోజులైంది. కడుపులో తిప్పుతోంది, గాభరా ఇంకా పెరిగినట్టుంది. రాత్రి మాత్ర వేసుకుంటే మాత్రం హాయిగా పడుకుంటున్నాను. మా అత్తయ్య ‘ఇవి అలవాటైపోయే మందులు, మానేసి అశ్వగంధ వాడు, యోగాకి వెళ్లు’ అంటున్నారు. మావారు ఏమీ అనరు. మానేయనా?

జవాబు: మానేయకండమ్మా. మీ చీటీలో ఉన్న రెండు మందులూ ఒక జాతివి కావు. అత్తయ్యగారి భయంలో నిజం లేకపోలేదు, కానీ ఆ అలవాటయ్యే గుణం ఉన్నది క్లోనజెపామ్‌కి. అది వేసుకున్న గంటలోపే పట్టేస్తుంది, నిద్ర వస్తుంది, దడ తగ్గుతుంది. రోజూ వాడితే కొన్ని వారాల్లోనే ఒళ్లు దానికి అలవాటు పడి, లేకపోతే నిద్ర పట్టని స్థితి వస్తుంది. అందుకే దాన్ని మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకే రాసి, మెల్లగా తగ్గించి ఆపేస్తారు. ఎసిటలోప్రామ్ డిప్రెషన్‌కీ, ఇలాంటి గాభరాకీ ఇచ్చే మందు, అది అలా మత్తెక్కించదు, ఇంకా ఇంకా వేసుకోవాలనీ అనిపించదు. కాకపోతే దాని గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు వారాల దాకా పడుతుంది. ఈలోగా మొదటి పదిహేను రోజులు వికారం, తలనొప్పి, కాస్త ఎక్కువ గాభరా చాలామందికి ఉంటాయి. మీకిప్పుడు జరుగుతున్నది అదే.

ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. వికారం పుట్టించేది వైద్యం చేసే మందు, హాయినిచ్చేది అలవాటయ్యే మందు. దాంతో మొదటిది ఆపేసి, రెండోదాన్ని పాత చీటీ పట్టుకెళ్లి మందుల షాపులో నెలల తరబడి కొంటూ ఉంటారు. అల్ప్రజోలామ్, డయజెపామ్, జోల్పిడెమ్ లాంటి అలవాటయ్యే నిద్ర, గాభరా మందుల్ని 2014 నుంచి హెచ్‌1 షెడ్యూలులో పెట్టారు, షాపువాడు ఎవరు రాశారో, ఎవరు కొన్నారో రిజిస్టరులో రాసుకోవాలి. ఎంతమంది రాస్తున్నారో మీరూ చూస్తూనే ఉన్నారు.

ఎసిటలోప్రామ్‌ని టిఫిన్ తిన్నాక వేసుకోండి, వికారం తగ్గుతుంది. దడ ఎక్కువున్నవాళ్లకి 5తో మొదలుపెట్టి 10కి పెంచే పద్ధతి ఉంది, డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. క్లోనజెపామ్ ఎప్పుడు ఆపాలో కూడా ఇప్పుడే తేదీ అడిగి చీటీ మీద రాయించుకోండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూడకపోయి ఉంటే చూపించుకోండి. గతంలో ఎప్పుడైనా వారం పాటు నిద్ర లేకపోయినా ఉత్సాహం పొంగిపోయి, విపరీతంగా మాట్లాడి, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెట్టిన రోజులుంటే అది డాక్టరుకి చెప్పి తీరాలి, అలాంటివాళ్లకి వైద్యం వేరు. కూర్చోలేనంత అస్థిమితంగా ఉన్నా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా మర్నాటి దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అసలీ డిప్రెషన్ మందులు పనిచేస్తాయా అని కూడా చాలామంది అడుగుతారు. 2018లో లాన్సెట్ పత్రికలో 522 ట్రయల్స్‌ని, అంటే లక్షా పదహారు వేల మందికి పైగా రోగుల వివరాల్ని కలిపి చూశారు. పరీక్షించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే ఉన్నాయి, అయితే ఆ తేడా మరీ పెద్దదేమీ కాదు. కొందరికి బాగా పడతాయి, కొందరికి మందు మార్చాల్సి వస్తుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి.

అశ్వగంధ సంగతి. టెన్షన్, నిద్ర విషయంలో కొద్దిగా మేలు కనిపించిన అధ్యయనాలున్నాయి, అవన్నీ చిన్నవి, రెండు మూడు నెలలకు మించనివి. డిప్రెషన్ మందు బదులు అది చాలుతుందని ఎక్కడా తేలలేదు. థైరాయిడ్ హార్మోనుని పెంచుతుంది, కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, గర్భంతో ఉన్నవాళ్లు వాడకూడదు, క్లోనజెపామ్‌తో కలిస్తే మత్తు ఇంకా ఎక్కువ కావచ్చు. మీకిప్పుడు వద్దనే అంటాను. ‘ఆకు మందే కదా, ఏం చేస్తుంది’ అనేవాళ్లకి సర్పగంధ కథ చెప్పాలి. 1931లో కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ వేరు బీపీకి, పిచ్చికి పనిచేస్తుందని రాశారు. 1952లో దాన్నుంచి రిసర్పిన్ తీశారు, ప్రపంచమంతా బీపీకి వాడింది. తీరా చూస్తే వాడినవాళ్లలో కొందరు దిగులులో కూరుకుపోయారు. డిప్రెషన్ ఉన్నవాళ్లకి ఇవ్వొద్దని ఆ మందుకి హెచ్చరిక వచ్చింది. వేరులో గుణం ఉంటే దోషమూ ఉంటుంది.

యోగాకి మాత్రం తప్పకుండా వెళ్లండి, మాత్ర వేసుకునే వెళ్లండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తీవ్రమైన డిప్రెషన్‌తో చేరిన 45 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి కరెంటు చికిత్స, ఇంకోదానికి ఇమిప్రమిన్ అనే పాత డిప్రెషన్ మాత్ర, మూడోదానికి సుదర్శన క్రియ అనే శ్వాస సాధన ఇచ్చారు. నాలుగు వారాలకి కోలుకున్నవాళ్లు వరసగా 93, 73, 67 శాతం. వాట్సాప్‌లో తిరిగే ‘మందు లేకుండానే నయం’ పోస్టులకి ఇలాంటివే ఆధారం. గుంపుకి 15 మంది, ఏ చికిత్సా ఇవ్వని గుంపు లేదు, అంతా ఆసుపత్రిలో డాక్టర్ల కళ్లముందు జరిగింది. ఇంట్లో టీవీ చూసి చేసే ప్రాణాయామాన్ని దానితో పోల్చలేం. ఇంకో మాట, దడ ఉన్నవాళ్లు కపాలభాతి, భస్త్రిక లాంటి వేగం శ్వాసలతో మొదలెట్టొద్దు. వేగంగా ఊపిరి వదిలితే వేళ్లు తిమ్మిర్లెక్కి, తల తిరిగి, అచ్చం బస్సులో వచ్చే గాభరాలాగే ఉంటుంది, దాంతో ఇంకా బెదిరిపోతారు. నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి చాలు. రోజూ చెమట పట్టేలా అరగంట నడక కూడా డిప్రెషన్‌కి పనిచేస్తుంది.

బస్సు గురించి వేరే చెప్పాలి. దడ రాగానే దిగిపోతున్నారు, దిగగానే తగ్గుతోంది, దాంతో బస్సే ప్రమాదమని, దిగడమే మందని మనసు నేర్చేసుకుంది. దీన్ని మాన్పించడానికి సీబీటీ అనే మాటల వైద్యం ఉంది. మామూలు డిప్రెషన్‌కీ ఆందోళనకీ అది మందుతో సమానంగా పనిచేస్తుంది, తీవ్రంగా ఉన్నప్పుడు రెండూ కలిపితే ఇంకా మేలు. అందులో చేయించేది ఇలా ఉంటుంది: రద్దీ లేని మధ్యాహ్నం బస్సులో మీవారితో ఒకే ఒక్క స్టాపు వెళ్తారు. దడ వచ్చినా దిగరు. దానికి పదికి మార్కులు వేస్తూ కూర్చుంటారు, టీచరు కదా, మార్కులు వేయడం మీకు కొత్తేం కాదు. ఎనిమిదికి ఎక్కిన దడ మీరేమీ చేయకుండానే ఆరుకి, నాలుగుకి దిగుతుంది. అది ఒంటికి అనుభవమైతే తప్ప నమ్మకం కుదరదు. ఒక స్టాపు విసుగు పుట్టేదాకా చేశాక రెండు స్టాపులు, ఆ తర్వాత ఒక్కరే, చివరికి స్కూలు టైము రద్దీలో. ఎక్కే ముందు సగం క్లోనజెపామ్ నాలుక కింద పెట్టుకుంటే ఇదంతా వృథా, గెలిచింది మాత్రేనని మనసు అనుకుంటుంది. ఊళ్లో సైకాలజిస్టు లేకపోతే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి సైకియాట్రీ విభాగంలో అడగండి.

మావారు ఏమీ అనరు అని రాశారు. నాకు కాస్త చిరాకేసింది. ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్నీ, వస్తే అత్తయ్యనీ తీసుకెళ్లండి. ఆవిడ సందేహాలన్నీ అక్కడే అడగనివ్వండి.

ప్రశ్న: సార్, వయసు 27, హైదరాబాద్‌లో జాబ్. పారోక్సెటిన్ సీఆర్ 25 కొన్ని నెలలు వాడాను, పూర్తిగా బాగైపోయాను. నేచురల్‌గా ఉందామని ఒకేసారి ఆపేశాను. మూడో రోజు నుంచి తల తిప్పితే కరెంటు షాక్ కొట్టినట్టు జిమ్మంటోంది, పిచ్చి కలలు, చిన్నదానికే ఏడుపు. జబ్బు తిరగబెట్టిందా?

జవాబు: తిరగబెట్టడమంటే వారాల మీద మెల్లగా వస్తుంది తమ్ముడూ, మూడో రోజుకి షాకులతో రాదు. మందు హఠాత్తుగా ఆపితే వచ్చే లక్షణాలివి, ఎసిటలోప్రామ్ జాతి మందుల్లో పారోక్సెటిన్‌తోనే ఎక్కువ. ప్రాణం మీదికి తెచ్చేది కాదు కానీ నరకమే. డాక్టరుకి ఈరోజే ఫోన్ చేయండి, మామూలుగా మందు మళ్లీ మొదలుపెట్టించి వారాలు, ఒక్కోసారి నెలల మీద తగ్గిస్తారు. సీఆర్ మాత్రని బ్లేడుతో సగం చేయొద్దు, అది ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్ర, కోస్తే ఆ పని చెడిపోతుంది. 12.5 వేరే దొరుకుతుంది. చివర్లో తగ్గించేది ఇంకా చిన్న మోతాదుల్లో, ఇంకా మెల్లగా ఉండాలి. పరీక్షలు, పెళ్లి, ఉద్యోగం మారడం లాంటివి ముందున్న నెలల్లో తగ్గించడం పెట్టుకోకండి. ఇంతకీ నేచురల్ అంటే ఏమిటో నాకైతే అర్థం కాలేదు, మీరు బాగైంది ఆ మందుతోనే కదా.

ప్రశ్న: మాది విజయవాడ. అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. సెర్ట్రలిన్ 50 వాడుతోంది, పిల్లలు ఇప్పుడే వద్దని గర్భనిరోధక మాత్రలు కూడా. స్నేహితురాలు చెప్పిందని షాపులో సెయింట్ జాన్స్ వోర్ట్ కొనుక్కుని పదిరోజులుగా వేసుకుంటోంది. చీటీ లేకుండా ఇస్తున్నారు కాబట్టి మంచిదేనంటుంది. పరవాలేదా?

జవాబు: పరవాలేదు కాదమ్మా, ఇది ప్రమాదం. ఈ మూలికకి స్వల్పం నుంచి మధ్యరకం డిప్రెషన్‌లో గుణం ఉన్న మాట నిజం. నిజంగా పనిచేస్తుంది కాబట్టే చిక్కు. సెర్ట్రలిన్ చేసే పనే అదీ చేస్తుంది, రెండూ కలిస్తే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో మితిమీరి వణుకు, చెమటలు, విరేచనాలు, జ్వరం, కండరాలు బిగుసుకోవడం, మతి తప్పడం దాకా వెళ్లొచ్చు. వాటిలో ఏది కనిపించినా ఎమర్జెన్సీకే వెళ్లాలి. పైగా ఆ మూలిక గర్భనిరోధక మాత్రని లివర్లో త్వరగా కరిగించేసి పనిచేయకుండా చేస్తుంది, ఆపాక కూడా రెండు వారాలపాటు ఆ ప్రభావం ఉంటుంది, అన్నాళ్లూ వేరే జాగ్రత్త పాటించమనండి. ఆపాల్సింది మూలికని, సెర్ట్రలిన్‌ని కాదు. అక్కడి డాక్టరుకి ఈ విషయం దాచకుండా చెప్పాలి. నొప్పికిచ్చే ట్రమడాల్, కొన్ని దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌తో కూడా ఇదే గొడవ, కొనే ముందు ఫార్మసిస్టుని అడగమనండి.

ప్రశ్న: అయ్యా, మా నాన్నకి 70 దాటాయి. బీపీ ఉంది. అమ్మ పోయాక తిండి మానేసి మూల కూర్చున్నాడని గుంటూరులో చూపిస్తే డిప్రెషన్ అని మాత్ర ఇచ్చారు. రెండు వారాలకి మత్తుగా, తికమకగా, తూలుతూ నడుస్తున్నాడు, పొద్దున నన్ను గుర్తుపట్టలేదు. ఊళ్లోవాళ్లు గాలి సోకింది, తాయెత్తు కట్టించమంటున్నారు. ఆదివారం వెళ్దామనుకుంటున్నాం.

జవాబు: ఆదివారం దాకా ఆగొద్దు, ఈ పూటే ఏదైనా ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తంలో సోడియం చూపించండి. పెద్దవాళ్లలో కొందరికి ఈ డిప్రెషన్ మందులు సోడియం తగ్గించేస్తాయి, బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి నీళ్లు తోడే మందు కలిసి ఉంటే ఇంకా ఎక్కువ. సరిగ్గా మీరు రాసిన లక్షణాలే వస్తాయి, మరీ తగ్గితే ఫిట్స్ కూడా. పక్షవాతమో, ఇన్ఫెక్షనో కూడా ఇలాగే ఉండొచ్చు, అదీ వాళ్లే చూస్తారు. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించకండి, సోడియాన్ని హడావిడిగా పెంచినా మెదడుకి ముప్పే. ఆయన వాడే మాత్రల అట్టలన్నీ, నాటుమందు ఏమైనా ఉంటే ఆ పొట్లంతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. తాయెత్తు కట్టిస్తే కట్టించండి, దానికి నాకు అభ్యంతరం లేదు, ఆసుపత్రి నుంచి వచ్చాక.