రెండు కంప్యూటర్ల షాపుకి సైబర్ దాడి ఖర్చెంత? మా లెక్క చెప్తా

"మాది చిన్న షాపు, ఉన్నవి రెండే కంప్యూటర్లు, మా మీద ఎవరు పడతారు, పడినా ఎంత నష్టం వస్తుంది" అని అడిగారు కదా. మేమూ అచ్చం ఇలాగే అనుకున్నాం అండి. మాది విజయవాడలో ఎలక్ట్రికల్ హోల్‌సేల్, మా అన్నయ్యా నేనూ చూసుకుంటాం.

2021లో వినాయక చవితి శుక్రవారం వచ్చింది, షాపు మూసేశాం. శనివారం పొద్దున షట్టర్ ఎత్తేసరికే ఒక కాంట్రాక్టర్ గారు ఆటో పెట్టుకుని రెడీగా ఉన్నారు, 2.5 వైరు పది కాయిల్స్ కావాలి. కుర్రాడు సరుకు దించాడు, నేను బిల్లు కొడదామని మా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తెరిస్తే మా కంపెనీ పేరే లేదు. ఫోల్డర్‌లోకి వెళ్ళి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు, ఐకాన్లన్నీ తెల్లగా అయిపోయి ఉన్నాయి, మధ్యలో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, మీ ఫైళ్ళకి తాళం వేశాం, ఈ మెయిల్‌కి రాయండి అని. బ్యాకప్ డిస్క్ ఉందిగా అని ధైర్యం తెచ్చుకుని అదీ చూశా. అది ఎప్పుడూ అదే సీపీయూకి గుచ్చి ఉండేది, దాంట్లోవీ పోయాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పైగా ఆ రోజు 11వ తారీకు, జీఎస్టీఆర్-1, అంటే పోయిన నెల అమ్మకాల రిటర్న్, వెయ్యడానికి ఆఖరి రోజు. లేటు ఫీజు రోజుకి 50 రూపాయలు, అది పెద్ద విషయం కాదు, కానీ మేం వెయ్యకపోతే మా దగ్గర కొన్న పార్టీలకి ఐటీసీ, అంటే వాళ్ళు కట్టిన జీఎస్టీకి వచ్చే క్రెడిట్, కనపడదు, ఇక వాళ్ళ ఫోన్లు మొదలు.

మెయిల్ పెడితే బిట్‌కాయిన్‌లో అడిగాడు, మన డబ్బుల్లో రెండున్నర లక్షలు. అన్నయ్య ఇచ్చేద్దాం అన్నాడు, నేను ఒప్పుకోలేదు. డబ్బు తీసుకున్నాక తాళం తీస్తాడని పూచీ ఎవరు? ఇప్పటికీ నేను అదే మాట మీద ఉన్నా.

అసలు దెబ్బ అప్పు ఖాతాల్లో తగిలింది. మా వ్యాపారంలో ముప్పావు వంతు ఉద్దరే. జూలై దాకా వేసిన బిల్లులు జీఎస్టీ పోర్టల్‌లో దొరికాయి, కానీ పోర్టల్‌కి అమ్మిన సంగతే తెలుసు, ఎవరెంత కట్టారో దానికేం తెలుసు? చెక్కులూ ఫోన్‌పేలూ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పట్టుకున్నాం, నగదు ఇచ్చిన వాళ్ళవి రసీదు బుక్కుల్లో కార్బన్ కాపీలు వెతికాం, ఇక జీఎస్టీ నంబరు లేని ఎలక్ట్రీషియన్లు వంద మందికి పైనే, వాళ్ళ అమ్మకాలు పోర్టల్‌లో పేర్లు లేకుండా అన్నీ కలిపి ఒక మొత్తంగా ఉంటాయి, దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలి.

దసరా దగ్గర పడుతుంటే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మీ బాకీ ఎంతుందండీ" అని మేమే అడుక్కున్నాం. నూజివీడు నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చాడు. చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి, "38,400 సార్, పోయిన నెల ఐదు వేలు ఇచ్చేశా, అది తీసెయ్యండి" అని పేజీ చూపించాడు. పెన్సిల్‌తో రాసుకున్నాడు, చెమటకి సగం చెరిగిపోయింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇంకొకాయన మాకు పదేళ్ళ పరిచయం, లక్ష పైన ఉందని నాకు బాగా గుర్తు, "మీ అన్నయ్య చేతికే ఇచ్చా కదా" అన్నాడు, అన్నయ్యేమో ఇవ్వలేదంటాడు. చేతిలో కాగితం లేదు, ఏమని నిలదీస్తాం? ఆయన మళ్ళీ మా షాపుకి రాలేదు, ఆ బాకీతో పాటు పార్టీ కూడా పోయింది.

వాడు ఎలా వచ్చాడంటారా, 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి బిల్లులు చూసుకోడానికి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించాం, కంప్యూటర్ అబ్బాయి రౌటర్‌లో 3389 పోర్టు, అంటే బయటి నుంచి దాంట్లోకి వచ్చే దారి, తెరిచి అలాగే వదిలేశాడు, పాస్‌వర్డేమో షాపు పేరు పక్కన 123. మా మీద ఎవరూ పగబట్టలేదండి. ఇలా తెరిచి ఉన్న పోర్టుల కోసం ప్రోగ్రాములు రాత్రీపగలూ వెతుకుతూనే ఉంటాయి, దొరికితే వేల పాస్‌వర్డ్‌లు వేసి చూస్తాయి, వాటికి మీ షాపు చిన్నదో పెద్దదో అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2017 మేలో వానాక్రై అని ఇలాగే ఫైళ్ళకి తాళం వేసే వైరస్ వచ్చినప్పుడు మన ఏపీలో పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అంతకు ముందు మార్చిలోనే ఇచ్చింది. అయినా ఇప్పటికీ దొంగ విండోస్ వేసి, అప్‌డేట్లు ఆపేసి కంప్యూటర్లు అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొనేవాళ్ళూ అంతే, షాపు ముందు గ్లాసు డోరుకి లక్ష పెడతారు, ఒరిజినల్ విండోస్ అంటే బేరాలాడతారు. ఇక మా సంగతికొస్తే, పోలీసులకి కంప్లయింట్ ఇద్దామని వెళ్తే డబ్బెంత పోయిందని అడిగారు, డబ్బు కాదు సార్ లెక్కలు పోయాయి అని అర్థమయ్యేలా చెప్పడానికే మధ్యాహ్నం అయింది.

మీరడిగిన లెక్క ఇదీ. వసూలు కాని బాకీలు ఆరున్నర లక్షలు. పాత బిల్లులు ఎక్కించడానికి ఇద్దరు కుర్రాళ్ళకి మూడు నెలల జీతం 72,000. కొత్త డిస్కులు, ఒరిజినల్ విండోస్, టెక్నీషియన్ కలిపి 40,000 దాటింది, ఆడిటర్ గారికి అదనంగా 20,000. ఎనిమిది లక్షలకి కాస్త తక్కువ, వాడికి ఒక్క రూపాయి ఇవ్వకుండానే.

ఇప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ తీసేశాం. బ్యాకప్‌కి రెండు డిస్కులు పెట్టాం, ఒకటి షాపులో ఉంటే రెండోది అన్నయ్య ఇంట్లో బీరువాలో ఉంటుంది, శనివారం కాపీ అవ్వగానే వైరు పీకేసి ఆయనే పట్టుకెళ్తాడు. నెలాఖరున బాకీల లిస్టు మొత్తం ప్రింటు తీసి ఫైల్లో పెడుతున్నాం, ఇరవై కాగితాలు అవుతాయి. మీరూ కనీసం ఆ ప్రింటైనా ఈ నెల నుంచే మొదలుపెట్టండి.